లస్కరు కట్టిన కుళాయి

తొమ్మిదేళ్లుగా నేను ఏ కుళాయి కట్టినా వెనక్కి వచ్చి ఇంకోసారి చూస్తాను. ఇంట్లో, ఆఫీసులో, ఎవరింటికైనా భోజనానికి వెళ్తే అక్కడ కూడా. మా ఆవిడ ప్రసన్న దీన్ని నా చాదస్తం అనుకుంటుంది. ఎడారిలో ఉంటున్నాం కాబట్టి నాన్న నీళ్ల విషయంలో జాగ్రత్తగా ఉంటారని పిల్లలకి చెప్తుంది. నేను కాదనను. కాదంటే అసలు సంగతి చెప్పాలి.

ఆ అసలు సంగతి మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. నా ధైర్యం అంతవరకే. తొమ్మిదేళ్ల కిందట వయోమింగ్‌లో ఒక తెల్లవారుజామున ఒక నీళ్ల పీపా కుళాయి విప్పి సరిగ్గా కట్టకుండా వెళ్లిపోయాను. అది పొరపాటు. ఆ మధ్యాహ్నం దేవదానం గారనే పెద్దాయన నా దగ్గరికి వచ్చి ఒక ప్రశ్న అడిగితే అబద్ధం చెప్పాను. అది పొరపాటు కాదు. నిక్షేపంలా ఉన్న మనిషికి తన బుర్ర మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. ఆయన ఈ మార్చిలో పోయారు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

చదువుతూ నవ్వుకుంటారేమో. నవ్వొచ్చే సంగతి కూడా ఇందులో ఉంది. నాకు ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే. ఇంత పాడుపని చేయడానికి కాస్త గౌరవమైన కారణమన్నా ఉండకూడదా?

మేముండేది అరిజోనాలో, చాండ్లర్‌లో. మా తెలుగు సంఘం ఆదివారాలు ఒక స్కూలు కెఫెటీరియా అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటుంది. ఆ వేసవిలో మా కమిటీకి ఒక ఆలోచన పుట్టింది. ఇశ్రాయేలీయుల అరణ్య ప్రయాణం గురించి పిల్లలకి ఏటేటా చెప్తూనే ఉన్నాం, ఒక్కసారి చూపిస్తే ఎలా ఉంటుంది అని. వెనకటికి ఈ దేశంలో జనం గూడు బండ్లు కట్టుకుని పడమటికి వలస పోయిన దారి ఒకటి వయోమింగ్ మీదుగా ఉంది. అక్కడ అచ్చం అలాంటి బండ్లలో ఐదు రోజులు తిప్పేవాళ్లున్నారు. ఐదు రోజులూ ఫోన్లు ఉండవు, స్నానాలు ఉండవు. దానికి మనమే ఎదురు డబ్బు కట్టాలి. నేను వద్దన్నాను. ప్రసన్న అప్పటికే బుక్ చేసేసింది.

బండ్ల పెద్ద డార్లా అనే ఆవిడ. అరవై దాటి ఉంటాయి. టోపీ, బూట్లు, గాలికి నల్లబడిన ముఖం. మొదటి రోజు మా సామాన్లన్నీ గడ్డి మీద పరిపించి, మనిషికి ఇంత బరువని చెప్పి మిగతావి వ్యాన్‌లోకి తిరుగుముఖం పట్టించింది. ప్రెషర్ కుక్కర్ పోయింది. మా వాళ్లు దుప్పట్లలో చుట్టి తెచ్చిన ఆవకాయ సీసా, బతిమాలగా బతిమాలగా మిగిలింది. ఆ రోజుల్లో జనం ఇనప మంచాలూ అద్దాల బీరువాలూ బండ్లలోకి ఎక్కించుకుని, ఎద్దులు లాగలేక ఒక్కొక్కటే దారి పక్కన వదిలేసి పోయేవారట. మా ఆడవాళ్లు ఆ బీరువాల కోసం నిజంగానే జాలిపడ్డారు.

మూడు బండ్లు. బండికి నాలుగు కంచర గాడిదలు. పొద్దున నాలుగున్నరకి ఇనప కడ్డీ మీద గంట. బండిలో కూర్చుంటే నడుం విరిగిపోతుంది కాబట్టి అందరూ పక్కన నడవడమే. ఆ కాలం వాళ్లు కూడా అంతేనట, పడమర దాకా నడిచే పోయారట. కట్టెలు లేని చోట ఎండిన పేడ ఏరి వంట చేసుకున్నారట. ఆ పని మాకూ పెట్టింది. చాండ్లర్‌లో పుట్టిన పిల్లలు ముక్కు మూసుకుని పేడ ఏరుతుంటే, ఇది పిడకలే కదమ్మా అని మా వాళ్లు పొంగిపోయారు. ఒకావిడ బకెట్‌లో మీగడ పోసి బండి వెనక వేలాడదీసింది. ఆ కుదుపులకి సాయంత్రానికి వెన్న పడింది. ఆ రాత్రి ఆ వెన్నతో వేడివేడి రొట్టె తిన్నాం. నిజం చెప్పాలంటే బాగుంది. అందరికీ బాగుంది. నాకొక్కడికే ప్రతి గంటా చిరాకు.

ఆ చిరాకుకి కారణం చెప్పాలి. ఇక్కడే మీరు నవ్వేది.

ఇరవై రెండేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను. పౌరసత్వం తీసుకున్నాను. టాక్సులు నేనే వేసుకుంటాను. కానీ దొడ్డికి వెళ్లాక కాగితంతో తుడుచుకోవడం మాత్రం నాకు ఈ జన్మకి అలవాటు కాలేదు. ఇంట్లో గొట్టం పెట్టించుకున్నాను. ఆఫీసులో కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్తాను. ఇది నా ఒక్కడి గొడవ కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ మనలో ఎవరూ పైకి అనరు. ఆ ప్రయాణానికి బయల్దేరే ముందు కమిటీ వాళ్లు రెండు మీటింగులు పెట్టారు. బూట్ల గురించి, పాముల గురించి, ఎండ గురించి మాట్లాడారు. దీని గురించి ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. ఎవరి ఏర్పాట్లు వాళ్లు గుట్టుగా చేసుకున్నారు. నేను ఆరు నీళ్ల సీసాలు బ్యాగ్ అడుగున దాచుకుని వెళ్లాను. అవి మూడో రోజుకి అయిపోయాయి.

మూడో రోజు సాయంత్రం నుంచి ఐదో రోజు పొద్దున దాకా నీళ్లు దొరకని మెట్ట. మామూలుగా రోజూ సాయంత్రం ఒక లారీ వచ్చి పీపా నింపి పోయేది. ఆ ఒక్క ముక్క దారికి మాత్రం లారీ రాదు. అది డార్లా పట్టుదల. వాళ్లెలా దాటారో అలాగే దాటాలంది. గాడిదలకి పశువుల కోసం తవ్విన బురద గుంట ఒకటి ఉంది. మనుషులకి మా బండికి కట్టిన పీపాయే. తాగడానికి, వండటానికి తప్ప చుక్క కూడా వాడకూడదు. చేతులకి సానిటైజర్. దొడ్డికి గుడ్డ గుడారం, కాగితం చుట్ట. అయిపోయింది.

ఆ పీపా బాధ్యత దేవదానం గారిది.

ఆయన మా సంఘంలో మెర్సీ వాళ్ల నాన్న. అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. ఇరిగేషన్ డిపార్ట్‌మెంటులో లస్కరుగా ముప్పై ఏళ్లు పైన పనిచేశారు. కృష్ణా కాలవ మీద లాకుల తలుపులు ఎత్తడం, దించడం, పొద్దునా సాయంత్రం నీటి మట్టం చూసి పుస్తకంలో రాయడం. భార్య సారమ్మ గారు మతిమరుపు జబ్బు చేసి, చివరికి ఆయన పేరు కూడా మర్చిపోయి పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. వచ్చిన ఏడాదిలోనే డ్రైవింగ్ నేర్చుకున్నారు. సంఘం సామాను గది తాళం ఆయన దగ్గరే ఉండేది. ఆదివారం అందరికన్నా ముందు వచ్చి కుర్చీలు వేసి, మైకులు పెట్టి, ప్రభు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంచేవారు. ఆయన వేసిన వరసలో కుర్చీ అంగుళం పక్కకి పోయేది కాదు.

మొదటి రోజు సాయంత్రం డార్లా ఒక మాట చెప్పింది. వలస పోయినవాళ్లు రోజూ పుస్తకాలు రాసుకునేవారట. అందులో గొప్ప సంగతులేవీ ఉండవట. ఇవాళ ఇంత దూరం నడిచాం, నీళ్లు మంచివి, గడ్డి తక్కువ, కట్టెలు లేవు. అంతేనట. మెర్సీ అది తెలుగులో చెప్తే దేవదానం గారి ముఖం విప్పారింది. ఇది మన లస్కరు పుస్తకమేగా అన్నారు. చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టారు. ఒక కర్ర చెక్కి గాట్లు పెట్టారు. దాన్ని పీపాలోకి దించి మట్టం చూసేవారు. పడుకునే ముందు కుళాయి బిగించి, దాని పిడికి ఎర్రతాడు ఒకటి తిప్పి ముడి వేసేవారు. రాత్రి ఎవరూ తెలియక తిప్పకుండా. డార్లా ఆ ముడి చూసి, పాత రోజుల్లో ఇతను ఉండుంటే తన ముత్తాత దాహంతో చచ్చేవాడు కాదని నవ్వింది. ఆయన నాకు గుర్తున్నంతలో అంత సంతోషంగా ఎప్పుడూ లేరు.

నాలుగో రోజు తెల్లవారక ముందే నాకు కడుపు నొప్పి. బీన్స్, పంది మాంసం, మూడు రోజులుగా అదే. చేతిలో ఖాళీ సీసా. కాగితం చుట్ట చూశాను. ఏం పోయేది ఆ ఒక్క రోజుకి వాడితే? ఎవడు చూడొచ్చాడు? తొమ్మిదేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. పీపా దగ్గరికి వెళ్లాను. ఎర్రతాడు విప్పాను. గట్టి ముడి, గోళ్లతో విప్పాల్సి వచ్చింది. అంటే ఆయన కట్టారు. బాగా కట్టారు. సీసా నింపాను. అవతల గుడారంలో ఎవరో దగ్గారు. నేను కంగారుగా పిడి తిప్పి, తాడు జేబులో కుక్కుకుని, సీసా చొక్కా కింద దాచుకుని పొదల వైపు వెళ్లిపోయాను. వచ్చేటప్పుడు తాడు మళ్లీ కడదామనే అనుకున్నాను. కడుపు తెరిపిన పడి వచ్చేసరికి గంట పైనే అయింది, డార్లా కాఫీకి పొయ్యి రాజేస్తోంది. పీపా దగ్గరికి ఆవిడ ముందు నుంచే వెళ్లాలి. నేను అటు వెళ్లలేదు.

పొద్దున కాఫీకి నీళ్లు పట్టబోతే పీపా ఖాళీ. కింద ఇసక తడిసి నల్లగా ఉంది. సన్నటి ధార కాబోలు, చప్పుడు చేయకుండా అంతా ఇంకిపోయింది.

నిజంగా చెప్తున్నాను, అప్పుడు ఒప్పుకునేవాణ్ణే. చెయ్యి ఎత్తబోయాను. డార్లా అందరినీ నిలబెట్టి, ఆఖర్న కుళాయి ముట్టుకున్నది ఎవరని అడిగింది. నేనే అని చెప్తే ఎందుకు ముట్టుకున్నావంటుంది. తాగడానికని చెప్తే గిన్నెలో మూత పెట్టిన తాగే నీళ్లున్నాయి కదా అంటుంది. అప్పుడు నేను నా అవసరం ఏమిటో ఇంగ్లీషులో, ఆ టోపీ ముందు, వాళ్ల పనివాళ్ల ముందు, మా ఆడవాళ్ల ముందు, నా పిల్లల ముందు చెప్పాలి. దానికి తగ్గ మాట నా నోట్లో తయారు కాలేదు. ఆ మాట వెతుక్కుంటున్న రెండు క్షణాల్లో మెర్సీ, నాన్నా, రాత్రి మీరు కట్టారా అని అడిగింది. అందరూ ఆయన వైపు తిరిగారు. నా చెయ్యి కిందికి దిగిపోయింది.

కట్టానమ్మా అన్నారాయన. మరి తాడేదీ అంది మెర్సీ. ఆయన కింద వెతికారు. బండి చక్రాల కింద, ఇసకలో, చేతులతో తడిమి వెతికారు. నేను పొయ్యి దగ్గరికి వెళ్లి చలి కాచుకుంటున్నట్టు నిలబడి జేబులోని తాడు నిప్పులో పడేశాను. నైలాన్ తాడు. ముడుచుకుపోయి కంపు కొట్టింది. 

ఇక్కడ దాకా కూడా తిరిగి రావడానికి దారి ఉంది. ఉందనే అనుకుంటాను. సిగ్గు వల్ల చేశాడు అని ఎవరన్నా క్షమించేవారు.

డార్లా రేడియోలో లారీ కోసం కబురు పెట్టింది. అది వచ్చేదాకా కదలడానికి లేదు. ఐదో రోజు చూడాల్సిన కొండరాయి ఒకటుంది. వెనకటివాళ్లు తమ పేర్లు చెక్కి పోయిన రాయి. పిల్లలు దాని కోసమే నడుస్తున్నారు. ఇక అది కుదరదని, లారీ వచ్చాక వెనక్కి తిరగాలని చెప్పింది. పిల్లలు ఏడ్చారు. ఎవరూ దేవదానం గారిని ఒక్క మాట అనలేదు. పెద్దాయన కదా, వయసు కదా, పాపం అన్నారు. ఆ మెత్తదనం చూస్తే నాకు అరవాలనిపించింది. తిట్టి ఉంటే ఆయన పోట్లాడేవారు. జాలిపడేవాళ్లతో ఎవరు పోట్లాడతారు?

మధ్యాహ్నం నేను బండి నీడలో కూర్చుని ఉంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. చేతిలో నోటుబుక్కు.

"అబ్బాయ్, పొద్దున నువ్వు ముందే లేచావంట గదా. పీపా వైపు గాని వెళ్లావా?"

"వెళ్లాను అంకుల్."

"కుళాయి ఎట్లా ఉంది?"

ఇదిగో, ఇక్కడ. ఆయన నన్ను అనుమానించి అడగలేదు. ఒక్క సాక్షి దొరికాడని ఆశగా అడిగారు. నన్ను ఎవరో చూశారని నాకు భయం వేసింది.

"కొంచెం కారుతున్నట్టే ఉంది. మసకలో సరిగ్గా చూళ్లేదు."

"తాడు ఉందా?"

"తాడు లేదంకుల్."

ఆయన పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించారు. "రాత్రి కట్టినట్టు రాసుకున్నానయ్యా. తాడేశాను, రెండోసారి చూశాను అని కూడా ఉంది. ఇదిగో, నా రాతే."

నేను ఆ రాత వైపు చూడలేదు. "రాసిన తర్వాత మళ్లీ ఎప్పుడో లేచి విప్పుంటారు అంకుల్. గుర్తుండదు. మీకే కాదు, అందరం అలిసిపోయి ఉన్నాం గదా."

ఆయన ఆ రాత మళ్లీ ఒకసారి చదువుకున్నారు. తర్వాత పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు.

"అంతే అయ్యుంటుంది. సారమ్మకి కూడా ఇట్టాగే మొదలైంది."

"అబ్బే, అదేం కాదంకుల్," అన్నాను.

అంత తెలివిగా నేను నా ఉద్యోగంలో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. రాసిన తర్వాత లేచి విప్పుంటారు. ఆ ఒక్క వాక్యంతో ఆయన రాతకి కూడా విలువ లేకుండా చేశాను. ఎందుకు చేశాను? కుళాయి కారుతోందన్నంత వరకు భయం అనుకోవచ్చు. ఆ తర్వాతది? ఆయన ఆ పుస్తకం పట్టుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్తే, ఇంకొకరు ఆ రాత నమ్మితే, అప్పుడు అందరూ మరెవరని వెతుకుతారు. అంతవరకు ఆలోచించాను. ఆ కాస్త సేపట్లో అంతా ఆలోచించాను. సారమ్మ గారి సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

చాండ్లర్ తిరిగి వచ్చాక ఏం జరిగిందో చెప్తాను. మెర్సీ భయపడిపోయింది. అమ్మని చూసిన పిల్ల, భయపడదా మరి? ముందు కారు తాళాలు తీసేసుకుంది. పొయ్యి మీటలకి పిల్లలు తిప్పకుండా పెట్టే మూతలు బిగించింది. సంఘంలో మా కమిటీ వాళ్లు ఎంతో మర్యాదగా, మీరు విశ్రాంతి తీసుకోండి అంకుల్ అని సామాను గది తాళం అడిగి తీసుకున్నారు. ఆయన ఎదురు చెప్పలేదు. అదే నాకు మింగుడుపడదు. ఒక్కసారన్నా, నేను కట్టాను అని గట్టిగా అని ఉంటే బాగుండును. అనలేదు. నన్ను నమ్మారు.

ఆ తర్వాత తలుపు వేసినా వేశానా అమ్మా అని అడిగేవారు. మాత్ర వేసుకున్నా వేసుకున్నానా అని అడిగేవారు. నాకు ఎక్కడన్నా కనబడితే, ఇవాళ బాగానే ఉంది అబ్బాయ్, అన్నీ గుర్తున్నాయి అని, పరీక్ష పాసైన పిల్లాడిలా చెప్పేవారు. మెర్సీకి కంప్యూటర్ చిప్‌లు చేసే ప్లాంట్‌లో షిఫ్టుల ఉద్యోగం. ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే పని నేను మీద వేసుకున్నాను. ఎందుకో మీరు ఊహించగలరు. గడియారం బొమ్మ గీయమన్నారు, గీశారు. ఐదు మాటలు చెప్పి మళ్లీ అడిగారు, ఐదూ చెప్పారు. ఏటా అంతే. ఏమీ లేదన్నారు. మొదట్లో పరీక్షలో దొరక్కపోవచ్చని కూడా అన్నారు. మెర్సీకి ఆ రెండో మాటే గుర్తుండేది. ఆయనకీ అంతే.

సంఘంలో నాకు మంచి పేరొచ్చింది. సొంత కొడుకులా చూసుకుంటున్నాడని. ఒకసారి ప్రార్థనలో నా పేరెత్తి స్తుతులు చెల్లించారు. నేను కళ్లు మూసుకుని ఆమేన్ అన్నాను. మీరే చెప్పండి, ఇంకేమనాలి?

చెప్పబోలేదని కాదు. రెండేళ్ల కిందట ఒకసారి కార్లో, క్లినిక్ నుంచి వస్తూ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఆ రోజు పీపా దగ్గర అంకుల్ అని మొదలుపెట్టాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపేశారు. నిజం చెప్పినందుకు నువ్వు బాధపడకూడదు అబ్బాయ్ అన్నారు. నువ్వు చెప్పబట్టే ముందుగా తెలిసింది, మెర్సీ జాగ్రత్తపడింది అన్నారు. సిగ్నల్ పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. నేను కారు పోనిచ్చాను. ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది నాకు. దగ్గు, టోపీ, హారన్.

మార్చిలో గుండె ఆగి పోయారు. ముందు రోజు మా అమ్మాయికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పడానికి ఫోన్ చేశారు. తేదీ మా తమ్ముడికే గుర్తులేదు, ఆయనకి గుర్తుంది. జ్ఞాపకార్థ కూటంలో మెర్సీ మాట్లాడుతూ, ఆ బండ్ల ప్రయాణంలోనే నాన్నగారికి మతిమరుపు మొదలైందని, దాన్ని కూడా ఎంతో ఓర్పుగా మోశారని చెప్పింది. పీపా కథ అంతా చెప్పింది. జనం కన్నీళ్లతోనే నవ్వారు. తర్వాత, బండిలో కలిసి ప్రయాణం చేసినవాడు కాబట్టి నన్ను రెండు మాటలు సాక్ష్యం చెప్పమన్నారు. ఎదురుగా ఆయన ఫోటో. ఇంతకన్నా మంచి సమయం ఏముంటుంది? మైకు పట్టుకున్నాను. ఆయన ముడి ఎంత బాగా వేసేవారో చెప్పాను. వెన్న గురించి చెప్పాను. దిగిపోయాను.

పోయిన వారం మెర్సీ నాకు ఆ నోటుబుక్కు ఇచ్చింది. నాన్న వస్తువుల్లో దొరికిందని, తన పిల్లలకి చదివి వినిపించడానికి బాగున్న ముక్కలకి గుర్తులు పెట్టమని అడిగింది. తను తెలుగు చేతిరాత గబగబా చదవలేదు. వచ్చే ఆదివారం తిరిగి ఇవ్వాలి.

ఆఫీసు గదిలో తలుపు వేసుకుని చదివాను. చిన్న చిన్న అక్షరాలు, వంకర లేకుండా. మొదటి రోజు ఎనిమిది మైళ్లు, నీళ్లు మంచివి. రెండో రోజు గాలి ఎక్కువ, పిల్లలు బాగా నడిచారు. మూడో రోజు సాయంత్రం ఇలా ఉంది: "మట్టం పదకొండు గాట్లు. కుళాయి బిగించాను. తాడు వేశాను. రెండోసారి చూశాను." దాని కింద నాలుగో రోజు: "మట్టం లేదు. కుళాయి వదిలేసింది నేనే. చూసినవాడు చెప్పాడు."

ఆ తర్వాత ఏమీ లేదు. తక్కిన కాగితాలన్నీ ఖాళీ. తనే వదిలేశానని రాసుకుని, ముప్పై ఏళ్లకి పైగా మట్టం రాసిన మనిషి ఇక రాయడం మానేశాడు. తన చేతిరాత కన్నా నా మాట ఎక్కువనుకున్నాడు.

నా పేరు కూడా రాయలేదు. చూసినవాడు అని రాశాడు. దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. మెర్సీ ఇది చదవకపోవచ్చు. చదివినా ఎవరని అడగకపోవచ్చు. నేను బాగున్న ముక్కలకి గుర్తులు పెట్టి ఇచ్చేస్తే, ఇక్కడితో అయిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. నిన్న రాత్రి దాకా అదే చేద్దామనుకున్నాను. పసుపు కాగితాలు కూడా రెండు అంటించాను.

ఇవాళ పొద్దున ఆ కాగితాలు పీకేశాను. చూసినవాడు చెప్పాడు అన్న వాక్యం కింద ఒక గీత గీసి రాశాను. ఆయన రాసిన పద్ధతిలోనే రాశాను, నాకు అంతకన్నా చేతకాలేదు.

"నాలుగో రోజు, తెల్లవారుజాము. ముడి గట్టిగా ఉంది. విప్పింది నేను. నా అవసరానికి సీసా నింపుకుని, కుళాయి సరిగ్గా కట్టకుండా వెళ్లింది నేను. తాడు పొయ్యిలో వేశాను. కారుతుంటే చూశానన్నది అబద్ధం. రాత్రి లస్కరు కుళాయి కట్టే పడుకున్నాడు."

కింద సంతకం చేశాను, పూర్తి పేరుతో. మెర్సీ ఏం చేస్తుందో నాకు తెలియదు. ఏం చేసినా తక్కువే. ప్రసన్నకి, పిల్లలకి కూడా ముందుగా నేనే చెప్పాలి, ఆ గుడ్డ గుడారం, కాగితం చుట్ట దగ్గర్నుంచి. ఆయనకి చెప్పడం మాత్రం ఇక కుదరదు. రాసి పెన్ను మూత పెట్టాక లోపల ఏదో కాస్త వదులైనట్టు అనిపించింది. దాని మీద కూడా నాకు కోపంగానే ఉంది.

బాల్‌పెన్నుతో రాశాను, చెరిపే వీల్లేకుండా. ఆదివారం ఆరాధన తొమ్మిదింటికి. పుస్తకం పట్టుకుని ఎనిమిదింటికే వెళ్తాను, కుర్చీలు వేసేవాళ్లు వచ్చే వేళకి.